నిలవ మాట

పొద్దున్నే షట్టరు ఎత్తడం రేకులక్క పని. ఎత్తిన షట్టరు జారకుండా కింద ఇనుప గుంజ ఆనించడం ఆమె భర్త పని. షట్టరు స్ప్రింగు పోయి చాలాకాలమైంది. ఊళ్ళో బళ్ళన్నిటికీ టాంకులు చేసిపెట్టే దంపతులకి సొంత షట్టరు బాగుచేసుకునే తీరిక ఎక్కడిది?

ఒకప్పుడైతే ఆ గుంజ ఆనించేలోపే ఆయన రాత్రి వచ్చిన కల మొత్తం చెప్పేసేవాడు. టీ మరిగేలోపు పక్కవీధి తగాదా, అది చల్లారేలోపు ఆ తగాదా ఎలా తీరాలో తన తీర్పు. వీధిలో అందరూ ఆయన్ని వసపిట్ట అనేవాళ్ళు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, కొత్తవాళ్ళెవరైనా వస్తే "నన్ను వసపిట్ట అంటారండీ" అని తనే పరిచయం చేసుకునేవాడు. రేకులక్క ఇందుకు పూర్తిగా ఎదురు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమోనన్నట్టు ఉండేది. కోడలిగా వచ్చిన కొత్తలో మామగారు ఇద్దరి చేతికీ సుద్దముక్క ఇచ్చి రేకు మీద గీత గీయమన్నాడు. కొడుకు గీత పాములా పోయింది, కోడలి గీత దారం లాగినట్టు వచ్చింది. అప్పటినించి కొలతా కోతా వెల్డింగూ కోడలివి, సానబెట్టడం, మాట్లాడటం కొడుకువి అయ్యాయి.

మాట్లాడటం పనా అంటే, ఆ షెడ్డులో అది పనే. టాంకుకి ఆఖరి వెల్డింగు కుట్టు పడేలోపు, దాని పనిలో చెయ్యి వేసినవాళ్ళు దగ్గర కూర్చుని ఏం మాట్లాడితే అది లోపల నిలవ ఉండేది. డీజిలంతా అయిపోయి ముల్లు అడుక్కి ఆనాక బండి ఆ మాటల మీద నడిచేది. మాటలు ఎంతుంటే అంత దూరం. బంకులో కుర్చీ వేసుకు కూర్చునే ముసలాయన కూడా "డీజిలు సంగతి సరే, నిలవెంత ఉంది?" అని అడిగాకే గొట్టం అందుకునేవాడు. కబుర్లు నింపిన టాంకు మెల్లగా, హాయిగా లాగుతుంది. తిట్లు నింపితే ఇంజిను దడదడలాడుతుంది. గొప్పలు మాత్రం నిలవవు. ఎదుటి టైర్ల కొట్టాయన తన ట్రాక్టరు టాంకు తనే పట్టుకుని, తనే బోల్టులు బిగించి, తన ప్రతాపాలు గంటసేపు చెప్పుకున్నాడు. అది నల్లటి పొగ వదిలి సందు మలుపు తిరక్కుండానే ఆగిపోయింది. మాటలు కోటలు దాటాయి గానీ కాళ్ళు గడప దాటలేదని వీధంతా నవ్వుకుంది.

వసపిట్ట నింపిన టాంకులకి మాత్రం తిరుగులేదు. అడవి దారిలో చిక్కుకున్న లారీవాళ్ళు, ఆయన చెప్పిన కల సగం ఇంజిన్లో వింటూ క్షేమంగా ఇల్లు చేరేవాళ్ళు. తక్కిన సగం ఏమైందో అడగడానికి మళ్ళీ షెడ్డుకి వచ్చేవాళ్ళు.

అలాంటి గొంతులో గడ్డ లేచింది.

దాన్ని కనిపెట్టింది డాక్టరమ్మ. కొండల్లో, గొర్రెలు కాసుకునేవాళ్ళ గుడారాలకి పాతబండిలో తిరిగి వైద్యం చేసే మనిషి. ఒకరోజు సైలెన్సరు గొట్టం అతికించుకోవడానికి వచ్చి, వసపిట్ట కబుర్లు వింటూ వింటూ ఉన్నట్టుండి లేచి ఆయన మెడ మీద రెండు వేళ్ళు పెట్టింది. "ఈ బొంగురు ఎన్నాళ్ళనించి, అన్నగారూ?" అని అడిగింది. ఆ సాయంత్రమే తన బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మనిషి దక్కేవాడు కాదని అక్కడి వాళ్ళన్నారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. మనిషి మిగిలాడు. మాట్లాడబోతే పెదాలు కదిలేవి, ఊపిరి వచ్చేది, చప్పుడు మాత్రం వచ్చేది కాదు.

రేకులక్క ఆయన నోటి ముందు అరచెయ్యి పెట్టి ఆ ఊపిరిని చదవడం నేర్చుకుంది. టీ అడిగితే చిన్న వేడి. విసుగొస్తే పొట్టి పొట్టి వేడి. ముప్ఫయ్యేళ్ళు చెవిలో జోరీగలా విన్న మాటల్ని ఇప్పుడు అరచేతిలో పట్టుకోవలసి వచ్చింది. డాక్టరమ్మకి కృతజ్ఞత చెప్పాలని ఎన్నిసార్లు అనుకుందో. ఎదురుపడితే "టీ తాగుతారా?" అనడం తప్ప ఇంకేం వచ్చేది కాదు.

నిలవ లేని టాంకు ఎవరికి కావాలి? ఉత్త డబ్బాలు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. గిరాకీ పలచబడింది. రేకులక్క తమ్ముడు వచ్చి, "బావా, నా గోడౌనులో కాపలాకి నమ్మకమైన మనిషి కావాలి. కూర్చునే పనే. అక్కకీ ఇంత ఇనుము మొయ్యడం తప్పుతుంది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వసపిట్ట తలూపాడు. తమ్ముడు వెళ్ళాక భార్య అరచేతిలోకి, "నేను కూర్చోడానికే పనికొస్తాను" అని ఊదాడు. రేకులక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మాట చేతికి అంటుకున్నట్టయి, చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది.

షెడ్డు మూసేస్తున్నారని తెలియక డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది.

"కనుమ దగ్గర బంకు మూసేశారు, రేకులక్కా. ఉన్న టాంకుతో అవతలి గుడారాల దాకా పోగలను, తిరిగి రాలేను. డబ్బాలు వెనకేసుకుంటే రోగిని పడుకోబెట్టే చోటుండదు. ఇంకో టాంకు కావాలి."

రేకులక్క భర్త వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు. "చేస్తాం" అంది రేకులక్క. ఇదే ఆఖరి టాంకు అని చెప్పలేదు.

ఆ బండిని అప్పటికే గుర్తుపట్టలేనంతగా మార్చారు. కొండరాళ్ళకి తగలకుండా ఎత్తు లేపి, ముందూ వెనకా లావు చక్రాలు వేసి, వెనక సీట్లు పీకి మంచం బిగించారు. రేకులక్క కింద వెల్లకిలా దూరి పడుకుంది. ఒక పక్క చక్రాల ఇరుసుని తిప్పే కడ్డీ, ఇంకో పక్క వేడెక్కే సైలెన్సరు గొట్టం. మధ్యలో మిగిలింది వంకరటింకర చోటు. పాత అట్టపెట్టెలు కోసి, గోధుమరంగు కాగితం అంటించి, ఆ చోటుకి సరిపడే అట్ట టాంకు ఒకటి తయారుచేసింది. ఎక్కడ వేలు దూరకపోతే అక్కడ కోసింది, ఎక్కడ గొట్టం వేడి తగుల్తుందనిపిస్తే అక్కడ లోపలికి నొక్కింది. రేకు కోశాక తప్పు దిద్దడం కంటే అట్ట కోశాక దిద్దడం సుఖమని మామగారి మాట.

"అల్యూమినియంతో చేస్తే తేలిక కదా?" అంది డాక్టరమ్మ, నేల మీద గొంతుక్కూర్చుని కిందికి వంగి చూస్తూ.

"తేలికే డాక్టరమ్మా. మీ దారి గతుకులకి కుట్టు దగ్గర చీలుతుంది. ఇనుమైతే సొట్ట పడుతుంది గానీ పగలదు."

"డీజిలు పోసే మూతి ఎటు పెడుతున్నారు?"

"ఎడమకి."

"వద్దు. రోగిని ఎక్కించేది ఎడమ తలుపులోంచే. వానలో, చీకట్లో, ఎవరి కాలైనా తగిలితే విరుగుతుంది."

రేకులక్కకి ఆ సంగతి తట్టలేదు. మూతి కుడికి మార్చింది. డాక్టరమ్మ తన దారి ఎలా ఉంటుందో చేతులు ఊపి చూపించింది. ఇక్కడ నిట్టనిలువు ఎక్కుడు, ఇక్కడ ఒక చక్రం గాల్లో, ఇక్కడ బండి పక్కకి ఒరిగిపోయి ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది. ఆ చేతుల్ని చూసి రేకులక్క టాంకు అడుగున చిన్న గుంట పెట్టింది. బండి ఎటు ఒరిగినా ఆఖరి డీజిలు ఆ గుంటలోకి చేరుతుంది. గాలి గొట్టాన్ని పైకి ఎత్తి మెలి తిప్పింది, ఒరిగినప్పుడు డీజిలు అందులోంచి కారిపోకుండా. లోపల డీజిలు అటూ ఇటూ కొట్టుకోకుండా అడ్డపలకలు పెట్టి వాటికి చిల్లులు వేసింది. టాంకుని చాసీకి బిగుసుగా కట్టకుండా రబ్బరు దిండ్ల మీద కూర్చోబెట్టాలనుకుంది. రాళ్ళ మీద చాసీ మెలి తిరుగుతుంది. దానితోపాటు టాంకూ మెలి తిరిగితే బతకదు.

అడ్డపలకల చిల్లుల అంచులు సానబెట్టడం వసపిట్ట పని. ఇనుప పొడి రేణువు మిగిలినా అది పోయి ఇంజిన్లో అడ్డం పడుతుంది. ఆయన రోజూ ఉదయం ఆకురాయి పట్టుకుని, పైకప్పు పెట్టని టాంకులోకి తల దూర్చి కూర్చునేవాడు. కాసేపు రాసి, వంగి, పొడి ఊదేవాడు. మళ్ళీ రాసి, మళ్ళీ ఊదేవాడు. ఇంత చిన్న పొడికి ఇంతసేపు ఊదడం దేనికని రేకులక్క ఒకసారి అనుకుంది. మనసు పెట్టడానికి ఏదో ఒకటి దొరికిందిలే అని ఊరుకుంది.

పైకప్పు రేకు పెట్టి, ఆఖరి కుట్టుకి ముందు, ఆమె వెల్డింగు అద్దం నుదుటి మీదికి తోసి ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది. ఎప్పుడూ ఇక్కడే ఆయన మొదలుపెట్టేవాడు. ఇప్పుడు ఆయన పక్కనే నిలబడి, టాంకు వైపు, ఆమె నోటి వైపు వేలు చూపించాడు.

"నేనా?" అంది రేకులక్క.

ఆయన తలూపాడు.

ఆమె వంగి, ఇంకా కుట్టు పడని సందు దగ్గర నోరు పెట్టింది. చెప్పాల్సినవి గొంతుదాకా వచ్చాయి. పొద్దున్నే మా ఆయన మంచినీళ్ళు తాగుతుంటే ఆ గుటక చప్పుడు వింటాను డాక్టరమ్మా, రోజూ వింటాను, విన్న ప్రతిసారీ మీ వేళ్ళు గుర్తొస్తాయి. ఇంత మాట ఉంది. బయటికి వచ్చింది ఒక్కటే.

"జాగ్రత్త" అంది రేకులక్క, రేకుల టాంకుతో.

ముఖం ఎర్రబడింది. అద్దం కిందికి లాక్కుని కుట్టు వేసేసింది.

టాంకు మూతలన్నీ బిగించి, కొద్దిగా గాలి పట్టించి, కుట్ల మీద సబ్బునీళ్ళు పూసింది. ఒక్క బుడగ లేవలేదు. తరవాత మామగారు నేర్పినట్టు రేకుకి చెవి ఆనించింది. నిలవ ఉన్న టాంకు తేనెపట్టులా హోరెత్తాలి. ఇందులో దోమ రొదంత సన్నగా ఏదో వినిపించింది. అది తన ఒక్క మాటేనని ఆమెకి తెలుసు. సందు మలుపుదాకా కూడా చాలదు.

డాక్టరమ్మకి దాచలేదు. "టాంకులో లోపం లేదు. కానీ నిలవ లేదు. ముల్లు అడుక్కి వస్తే ఇక ఆగిపోతుందనే లెక్క. మీకు చేయాల్సిన దానికి ఇలా..."

"డబ్బా ఒకటి పైన కట్టుకుంటాలెండి" అని నవ్వింది డాక్టరమ్మ. "ఇంత బాగా చేశారు, ఇంకేం కావాలి?"

బండి సందు మలుపు తిరిగేదాకా దంపతులిద్దరూ షట్టరు కింద నిలబడ్డారు.

వానలు ముందే వచ్చాయి. కనుమ వైపు మబ్బు కదలకుండా కూర్చుంది. రేకులక్క తమ్ముడు లారీ మాట్లాడి, సామాను పెట్టెలకెత్తడం మొదలుపెట్టాడు. రేకు వంచే మిషను కొనడానికి టైర్ల కొట్టాయనే ముందుకొచ్చాడు, పాపం, సాయంగానే. వసపిట్ట ఆ మిషనుకి నూనె పెట్టి తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు. రేకులక్క చేతిలో పని ఉన్నా చూపు సందు మీదే. ఆ మనిషి కొండల్లో చిక్కుకుంటే ఆ పాపం నాదే అనుకుంది. మా ఇంటి దీపం నిలబెట్టిన మనిషికి ఉత్త డబ్బా కట్టి పంపానే అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఆమె తలెత్తేసరికి డాక్టరమ్మ బండి షెడ్డు ముందే ఉంది. వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. నిలువెల్లా బురద. డాక్టరమ్మ దిగి, తలుపుకి ఆనుకుని నిలబడింది. కళ్ళ కింద నలుపు, మొహమంతా నవ్వు.

"నొప్పులు పడుతున్న పిల్లని ఎక్కించుకుని బయల్దేరాను, రేకులక్కా. బిడ్డ అడ్డం తిరిగింది. వాగు పొంగి దారి మూసేసింది, చుట్టూ తిరిగి గట్టు మీంచి వచ్చాను. పైన కట్టిన డబ్బాకి రాయి తగిలి మొత్తం కారిపోయింది. గట్టు మీద ఉండగానే ముల్లు అడుక్కి ఆనింది."

రేకులక్క చెయ్యి నోటికి వెళ్ళింది.

"ఇక ఆగుతుందనుకున్నాను. అప్పుడు ఇంజిను ఒక్కసారి దగ్గింది. దగ్గి, జాగ్రత్త అంది. మీ గొంతే. ఉలిక్కిపడి బ్రేకు తొక్కాను. అద్దం తుడిచి చూస్తే ముందు దారే లేదు. అంచు మొత్తం వానకి జారిపోయి ఉంది. చక్రానికీ లోయకీ మధ్య జానెడు ఎడం."

తమ్ముడు చేతిలో పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. టైర్ల కొట్టాయన కూడా రోడ్డు దాటి వచ్చాడు.

"వెనక్కి తీసి, పక్క వాలులోకి దింపాను. అప్పటికి మీ మాట అయిపోయింది. ఇంజిను చప్పుడూ పోయింది. ఇక అంతే అనుకున్నాను. కానీ చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి! చప్పుడు లేదు, కుదుపు లేదు. వెనక పడుకున్న పిల్ల అంది, 'ఎవరో పక్కన కూర్చుని ఊపిరి తీస్తున్నట్టుందమ్మా' అని. దానితోపాటు తనూ ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది. అది తీస్తే తనూ తీసింది, అది వదిలితే తనూ వదిలింది. అరిచి అరిచి సోలిపోయిన పిల్ల నెమ్మదించింది. కొండ దిగాం, మైదానం దాటాం, ఆసుపత్రి గుమ్మం దాకా అలాగే వచ్చాం."

"తల్లి?" అంది రేకులక్క.

"క్షేమం. ఆడపిల్ల పుట్టింది. ఏం గొంతనుకున్నారు! ఆసుపత్రి మొత్తం లేచి కూర్చుంది. అన్నగారికి పోటీ వచ్చిందనుకోండి." డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "డీజిలు ఇంకా పోయలేదు. ఎందాకా వస్తుందో చూద్దామని ఇటే తెచ్చాను. ఇంకా ఇంజిను ఆపలేదు కూడా."

అందరూ బండి వైపు చూశారు. చప్పుడు లేదు. వెనక గొట్టం దగ్గర ఎండుటాకు ఒకటి కాస్త లేచి, కాస్త వాలుతోంది.

రేకులక్క కుడివైపు వెళ్ళి టాంకు మూత విప్పింది. పుల్ల దించి తీసింది. పొడిగా వచ్చింది. వంగి రేకుకి చెవి ఆనించింది. ఏమీ వినపడలేదు, దోమ రొద కూడా. అప్పుడు ఆమె నిటారుగా నిలబడి, తెరిచిన మూతి మీద అరచెయ్యి పెట్టింది.

వేడిగా ఊపిరి తగిలింది.

ఆ ఊపిరి ఆమెకి తెలుసు. కొంచెం ఆగి, కొంచెం తొందరపడి, మళ్ళీ సర్దుకునే ఊపిరి. చెవితో వెతికింది కాబట్టి దొరకలేదు. ముందే చెయ్యి పెట్టి ఉంటే ఆ రోజే తెలిసేది. అంత పొడి కోసం అంతసేపు ఊదడం దేనికో ఇప్పుడు అర్థమైంది.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన, తప్పుచేసి దొరికిపోయినట్టు, ఆకురాయి లేని చేతుల్ని ఒకదాంతో ఒకటి రాసుకుంటూ నిలబడ్డాడు.

"ఏం చెప్పారు దీనికి?" అంది. దగ్గరికి వెళ్ళి ఆయన నోటి ముందు అరచెయ్యి చాపింది. చాలాసేపు ఆయన పెదాలు కదిలాయి.

"ఏమంటున్నారు?" అంది డాక్టరమ్మ.

ఆయన మాటలు చెప్పడానికి రేకులక్క తప్ప ఇంకెవరూ లేరు. అందుకని రేకులక్క మాట్లాడింది. "పొద్దున లేచానని చెప్పాడట. నీళ్ళు తాగితే గుటక పడిందని చెప్పాడట. టీ వేడిగా ఉందని, అది తెలుస్తోందని. వానవాసన తెలుస్తోందని. మీరు మెడ మీద వేళ్ళు పెట్టిన రోజునించీ ప్రతి పొద్దూ మీరిచ్చిందేనని, ఒక్కో పొద్దూ గుర్తు తెచ్చుకుని ఒక్కో చిల్లులో చెప్పాడట. చప్పుడు లేదు కదా, నిలుస్తుందో నిలవదోనని నాకు చెప్పలేదట." ఆమె ఊపిరి తీసుకుంది. ఇక ఆగలేదు. "నేనూ చెప్పలేదు డాక్టరమ్మా. ఆ గుటక చప్పుడు నేనూ రోజూ వింటాను. విన్నప్పుడల్లా మీకు దణ్ణం పెట్టుకుంటాను. ఈ మనిషి మీరిచ్చిన మనిషి. మీరొచ్చినప్పుడల్లా టీ తాగుతారా అని అడిగేది ఈ మాటే."

డాక్టరమ్మ రేకులక్క చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది.

"మొత్తం అయిపోనివ్వకండి" అంది రేకులక్క చివరికి. "ఇంజిను ఆపండి. మిగిలింది దాచుకోండి."

డాక్టరమ్మ తాళం తిప్పింది. గొట్టం దగ్గర ఎండుటాకు వాలిపోయింది.

టైర్ల కొట్టాయన గొంతు సవరించుకుని, తన ట్రాక్టరుకి కూడా ఇలాంటిదొకటి కావాలని, ఈసారి తను నోరెత్తనని ఒట్టు వేశాడు. తమ్ముడు చేతిలో పెట్టెని ఎటు పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"బావా, మరి ఇది లారీలోకి ఎక్కించమంటావా?"

వసపిట్ట వెళ్ళి ఆ పెట్టె అందుకున్నాడు. నేల మీద పెట్టి, కట్టిన తాడు విప్పి, అడుగుదాకా వెతికి తన ఆకురాయి బయటికి తీసుకున్నాడు.